మొదటి గడిలో లాభం

మా మావయ్యకు ఆమదాలవలసలో ధాన్యం కొట్టు ఉంది. రైల్వే స్టేషన్ నుంచి ఊళ్ళోకి వచ్చే దారిలో, ముందు వెడల్పాటి అరుగు, లోపల కాటా, వెనక గోదాము. రైతులు ధాన్యం తెస్తారు, తూకం వేయిస్తారు, చీటీ తీసుకుని వెళతారు. ధాన్యం లారీ ఎక్కి మిల్లుకు పోతుంది. ఇందులో కంప్యూటరుకు చోటెక్కడుందని ఎవరైనా అడిగితే మావయ్య నోరు విప్పకుండా గడ్డంతో బావ వైపు చూపించేవాడు. బావ ఆయన కొడుకు. కంప్యూటరు కొన్నది బావ.

కొన్నాక దానితో ఏం చెయ్యాలో తోచక నన్ను పిలిపించాడు. అప్పటికి నేను విజయనగరంలో డిగ్రీ పూర్తి చేసి, పోటీ పరీక్షలకు చదువుతున్నానని అందరికీ చెబుతూ ఇంట్లో ఉన్నాను. మా చుట్టాల్లో నాకు కంప్యూటరు వచ్చునని పేరుంది. ఒకసారి నెట్ సెంటరులో ఎవరిదో హాల్ టికెట్ తీసి ఇచ్చాను. మా వాళ్ళకు అంతకన్నా పెద్ద రుజువు అక్కర్లేదు.

నేను వెళ్ళేసరికి ఇంట్లో ఇంకో సంగతి నడుస్తోంది. పాతపట్నంలో మా పిన్ని వాళ్ళకు కిరాణా కొట్టు ఉంది. పిన్ని అంటే మావయ్య చెల్లెలు, బావకు మేనత్త. బాబాయి ఒక్కడూ కొట్టు చూసుకోలేకపోతున్నాడు, పరాయివాళ్ళను నమ్మలేడు, ఇంటి మనిషి ఎవరైనా కావాలని కబురు మీద కబురు పెడుతున్నారు. మావయ్య దృష్టిలో ఇంట్లో పనికి మించి ఉన్న మనిషి బావే. తూకం తను చూసుకుంటాడు, చీటీ తను రాస్తాడు, బావ అరుగు మీద నిలబడి ఉంటాడు. నిలబడే మనిషి పాతపట్నంలో నిలబడితే ఏం పోయింది?

బావకు చాలానే పోతుంది. వాడికి పుట్టినప్పటి నుంచి తెలిసింది ధాన్యం ఒక్కటే. గింజను పంటి కింద పెట్టి కొరికి ఆ చప్పుడుతో తేమ ఎంతుందో చెప్పగలడు. పాతపట్నంలో ఆ విద్యతో ఉప్పు పేకెట్లు ఇవ్వాలి. పైగా అక్కడికి వెళ్ళినవాడు తిరిగిరావడం ఉండదు. పిల్లలు లేని కొట్టు అది, ఒకసారి గల్లా ముందు కూర్చోబెట్టాక లేపే ఆచారం మా ఇళ్ళల్లో లేదు. కంప్యూటరు కొన్నది ఇందుకే. చీటీ పని తన చేతికి వస్తే కొట్టులో తనకొక కుర్చీ ఉంటుందని వాడి లెక్క. ఈ మాట వాడు నాకు చాలా గంభీరంగా చెప్పాడు. కంప్యూటరు ముందున్నది స్టూలేనని నేను గుర్తు చేశాను.

పని చిన్నదే. గళ్ళ షీటులో వరుసకొక తూకం. మొదటి గడిలో వరుస సంఖ్య, పక్కన బస్తాలు, ఆ పక్కన కిలోలు. మా వైపు రైతు బస్తాల్లో మాట్లాడతాడు, మిల్లువాడు కిలోల్లో మాట్లాడతాడు, బస్తా అంటే ఎనభై కిలోలు. బస్తాలు కొడితే కిలోలు రావాలి, కిలోలు కొడితే బస్తాలు రావాలి. దానికి మాక్రో రాయాలి. మాక్రో అంటే షీటు వెనక మనం రాసిపెట్టే నాలుగు మాటల ఆజ్ఞ. అందులో ఒక రకం ఉంది, దాన్ని ఎవరూ పిలవక్కర్లేదు. షీటులో ఏ గడి మారినా దానంతట అదే లేచి, చెప్పిన పని చేసి పడుకుంటుంది. నేను అదే ఎంచుకున్నాను. పిలవకుండా లేచి పని చేసేవాళ్ళంటే మా ఇంట్లో గౌరవం.

నమూనా చీటీ ఒకటి అచ్చు తీసి మావయ్యకు చూపించాం. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటి గడి దగ్గరే ఆగిపోయాడు.

“ఒకటేటిరా?”

వరుస సంఖ్య అని బావ చెప్పాడు.

“ధాన్యం కాడ ఒకటి అని ఎవడైనా అంటాడేటి? లాభం అని రాయండి.”

ఇది కుంచాల కాలం నాటి సంగతి. కుంచంతో కొలిచే రోజుల్లో మొదటి కుంచాన్ని ఒకటి అనేవారు కాదు. లాభం, రెండు, మూడు, అలా పోయేది. తరువాత కాటా వచ్చింది, కుంచం అటకెక్కింది, లాభం మాత్రం దిగలేదు. కళాసీలు ట్రాక్టరు మీద నుంచి బస్తాలు దించేటప్పుడు ఇప్పటికీ మొదటి బస్తా లాభమే. మా తాతగారు ఇంటి మెట్లు కూడా అలాగే ఎక్కేవారని చెబుతారు కాని, అది మా అమ్మ కల్పన అని నా అనుమానం.

బావ ప్రతి కొత్త రైతుకూ షీటంతా తుడిచి మళ్ళీ మొదలుపెట్టేవాడు, అలవాటుగా ఒకటే కొట్టేవాడు. అందుకని నేను మాక్రోలో ఇంకో ఆజ్ఞ చేర్చాను. షీటులో ఏ గడి మారినా సరే, మొదటి గడిలో లాభం అని రాయి.

మర్నాడు ఉదయం ముహూర్తం. అత్త కంప్యూటరుకు పసుపు, కుంకుమ పెట్టింది. కొంత కీబోర్డు మీద పడింది. మావయ్య కుర్చీలో, కళాసీలు గుమ్మంలో, బావ స్టూలు మీద. బావ రైతు తెచ్చిన బస్తాలు కొట్టి మీట నొక్కాడు. మొదటి గడిలో లాభం పడింది. అందరూ చూశారు. ఆ తరువాత తెర వణకడం మొదలుపెట్టింది. బాణం గుర్తు గుండ్రంగా తిరిగింది, తెర పాలిపోయింది, ఇంకాసేపటికి షీటు మొత్తం మూసుకుపోయింది.

“పూనకం వచ్చినాదేటి?” అన్నాడు మావయ్య.

మళ్ళీ తెరిచాం. మళ్ళీ అదే. మావయ్య జేబులోంచి పెన్ను తీసి చీటీ రాసి రైతును పంపేశాడు. లాభం రాయమంటే చచ్చిపోయే యంత్రాన్ని తను ఇంతవరకు చూడలేదన్నాడు. ఆ మాట మధ్యాహ్నానికి స్టేషన్ దాకా వెళ్ళింది. సాయంత్రం భోజనాల దగ్గర బావతో తేల్చి చెప్పేశాడు.

“కోతలు ముమ్మరంగా ఉన్నాయి. బళ్ళు వరసగా రావడం మొదలెట్టినాక కూడా ఇది ఇలగే ఊగితే దీన్ని అటకెక్కించీసి నిన్ను పాతపట్నం పంపించీస్తాను. మీ మేనత్త మనిసి కోసం సూస్తన్నాది.”

బావ అన్నం కలపడం ఆపేశాడు. ఇలాంటప్పుడు సినిమాల్లో లేచి వెళ్ళిపోతారు. వాడు పెరుగు వేసుకున్నాడు.

జబ్బు ఏమిటో నాకు ఆ పూట అర్థం కాలేదు. షీటును ఒక్కొక్క అడుగూ నడిపించి చూస్తే, ఆజ్ఞ మొదటి గడిలో లాభం రాస్తోంది, వెంటనే మళ్ళీ తన మొదటి మాటకు వెళుతోంది, మళ్ళీ లాభం రాస్తోంది. ఎందుకు వెనక్కి వెళుతోంది? వెళ్ళమని నేను చెప్పలేదు. నేను తప్ప దానికి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

ఆ ఇంట్లో నాకు ఇంకో ఉద్యోగం కూడా ఉండేది. పక్కింటికి గిన్నె మొయ్యడం. పక్కింట్లో సంగీతం నేర్పే ఆవిడ ఉండేవారు. రామతీర్థం వాళ్ళు, గుడి సేవలో ఉన్న కుటుంబం, ఆవిడ భర్త ఉద్యోగం వల్ల ఇక్కడ స్థిరపడ్డారు. అందరూ టీచరమ్మ గారంటారు. అత్తకూ ఆవిడకూ మధ్య ఒక మూతగిన్నె తిరుగుతూ ఉండేది. గిన్నె అత్తది. ఉసిరికాయ పచ్చడి వెళితే పులిహోర వచ్చేది. పులిహోర వచ్చింది కనుక తేగలు వెళ్ళేవి. తేగలు వెళ్ళాయి కనుక సున్నుండలు వచ్చేవి. నేను వెళ్ళిన ప్రతిసారీ లోపల పిల్లలు సరళీ స్వరాలు పాడుతూ ఉండేవారు. అందులో ఒక పిల్ల మూడోదాని దగ్గర తప్పి మళ్ళీ మొదటికి వచ్చేది.

ఆ రోజు సున్నుండల గిన్నె తెచ్చి గట్టు మీద పెట్టీ పెట్టకముందే అత్త దాన్ని కడిగి చిక్కుడుకాయలు నింపడం మొదలుపెట్టింది. అడిగాను.

“అత్తా, ఇది ముందు ఎవరు మొదలెట్టారు?”

“ఎవరికి గురుతురా.”

“ఎప్పటికి ఆగుతాది?”

“ఆగడమేటి? కాళీ గిన్నె ఎలగ పంపుతాం?”

“ఆళ్ళూ అలగే అనుకుంటారు కదా.”

“అనుకోవాల. మంచోళ్ళు మరి.”

చిక్కుడుకాయలు పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాను. గిన్నె వస్తే నింపి పంపాలి. ఇక్కడ నింపి పంపితే అక్కడికి గిన్నె వచ్చినట్టే. వాళ్ళూ నింపి పంపాలి. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. నా షీటు చేస్తున్నదీ అదే. గడి మారితే లేచి లాభం రాయమన్నాను. లాభం రాస్తే గడి మారినట్టే కదా. బావ వేలితో కొట్టినా, ఆజ్ఞ తానే రాసినా షీటుకు రెండూ మార్పులే. ఎవరు మార్చారన్నది అది చూడదు. మారింది కనుక లేచింది, లేచింది కనుక రాసింది, రాసింది కనుక మారింది. బస్తాలకూ కిలోలకూ మధ్య కూడా ఇదే గిన్నె తిరుగుతోంది, లాభం దగ్గరే చచ్చిపోవడం వల్ల అక్కడి దాకా మేము వెళ్ళలేదు.

వెనక్కి వచ్చి అత్తను ఇంకోటి అడిగాను. ఇన్నేళ్ళలో ఇది ఎప్పుడూ ఆగలేదా?

“మైలొస్తే ఆగుతాది. మైల్లో ఎవరైనా గిన్నె పంపినా మనం తిరిగి పంపక్కర్నేదు. ఎవులూ ఏటీ అనుకోరు. తీరిపోయాక మళ్ళీ మామూలే. ఆ చిక్కుళ్ళు ఇచ్చిరా ముందు, ఎండిపోతాయి.”

ఇచ్చి వచ్చి కొట్టుకు వెళ్ళాను. కావలసిన మాట మాక్రో భాషలో ఉండనే ఉంది. ఎనేబుల్ ఈవెంట్స్ అంటారు. దాన్ని ఫాల్స్ అంటే, ఇక నుంచి ఏ గడి మారినా పట్టించుకోకు అని. ట్రూ అంటే, ఇక పట్టించుకో అని. ఆజ్ఞ లేవగానే ముందు ఫాల్స్ అనాలి. అప్పుడు లాభం రాసుకోవాలి, కిలోలు రాసుకోవాలి. రాయడం అయ్యాక ట్రూ అని పడుకోవాలి. దీనితో పాటు ఇంకో జాగ్రత్త కూడా పెట్టాను. ముందు మారిన గడి మనకు సంబంధించిందో కాదో చూడు, మొదటి గడిలో లాభం ఉంటే మళ్ళీ రాయకు. బావకు అర్థమయ్యేలా చెప్పడానికి, రాస్తున్నంతసేపు దీనికి మైల అన్నాను.

వాడు వెనక్కి తిరిగి చూశాడు. “కంప్యూటరికి మైల పెట్టినామని నాన్నకి సెప్పకు.”

ఆడింది. బస్తాలు కొడితే కిలోలు, కిలోలు కొడితే బస్తాలు, పైన ఒక్కటే ఒక్క లాభం. మావయ్య చీటీ తీసుకుని చదివి, ఏమీ అనకుండా రైతు చేతికి ఇచ్చాడు. మా ఇంట్లో ఇది సన్మానం కింద లెక్క. బావ స్టూలు తీసేసి కుర్చీ వేసుకున్నాడు.

అదే వారంలో టీచరమ్మ గారి అత్తగారు రామతీర్థంలో పోయారు. చాలా పెద్దావిడ. వాళ్ళింటికి తాళం పడింది. మా మూతగిన్నె లోపల ఉండిపోయింది. అత్త రెండు రోజులు చేతులకు పని లేనట్టు తిరిగి, తరువాత అలవాటు పడింది. నాకు ఒక ఉద్యోగం పోయింది.

ఆ తరువాత కంప్యూటరుకు రెండో జబ్బు చేసింది. మొదటి జబ్బులో కనీసం ఊగేది. ఇప్పుడు మౌనం. ఉదయం చక్కగా పనిచేసేది. మధ్యాహ్నం ఏదో ఒక వేళకు బస్తాలు కొడితే కిలోలు రావు, పైన ఒకటి కొడితే ఒకటిగానే ఉంటుంది. తప్పు జరిగిందని చెప్పదు, మూసుకుపోదు. ఊరికే చూస్తుంది. షీటు మూసి తెరిచినా అంతే. రాత్రి కంప్యూటరు ఆపేసి మర్నాడు పెడితే మళ్ళీ బుద్ధిమంతురాలు. బావ చేత్తో లెక్కవేసి కొట్టడం మొదలుపెట్టాడు, లెక్క తప్పాడు, బళ్ళు రోడ్డు దాకా నిలిచాయి.

“పొద్దున్న పనిసేస్తాది, మద్దినేల తొంగుంటాది,” అన్నాడు మావయ్య. “అచ్చం మా మేనల్లుడే.”

కళాసీలు నా వైపు చూశారు. ఆ మాటలో కాదనడానికి ఏమీ లేదు. ఆ సాయంత్రం ఆయన పాతపట్నం ఫోన్ చేసి, ఆదివారం మనిషి వస్తాడని పిన్నికి చెప్పేశాడు. బావ ఆ మాట పక్క గదిలోంచి విన్నాడు. రాత్రి బట్టలు సర్దుకుంటూ, మంచి చొక్కాలు రెండు తీసి మళ్ళీ బీరువాలోనే పెట్టాడు. అక్కడ ఎవరు చూస్తారని అన్నాడు. నేను బనియన్లు మడతపెట్టి ఇచ్చాను.

శనివారం పొద్దున్న అత్త ఆడపడుచు కోసం ఉసిరికాయ పచ్చడి సిద్ధం చేసింది. కొడుకు వెళ్ళేది చెరసాలకైనా చేతిలో ఏదో ఒకటి లేకుండా పంపదు. పచ్చడి పట్టే మూతగిన్నె పక్కింట్లో ఉంది. టీచరమ్మ గారు తిరిగి వచ్చి చాలా రోజులైంది, పాటలు కూడా వినిపిస్తున్నాయి. అయినా గిన్నె రాలేదు. మైల తీరిందో లేదో తెలియదు, చావు జరిగిన ఇంటికి వెళ్ళి నా గిన్నె ఇమ్మని అడిగితే బాగుంటుందా అని అత్త ఇన్నాళ్ళూ ఆగింది. మర్యాద లేనివాడు ఒకడు ఇంట్లో ఉన్నాడు కనుక నన్ను పంపింది.

టీచరమ్మ గారు నన్ను చూసి చాలా సంతోషించారు. గిన్నె కోసం వచ్చానంటే ఇంకా సంతోషించారు.

“మా మైల ఎప్పుడో తీరిపోయింది నాయనా. కార్యక్రమాలన్నీ రామతీర్థంలోనే చేసేశాం. ఇక్కడ వీధిలో ఎవరూ చూడలేదు కదా, తీరిందని ఎవరికి తెలుస్తుంది? మీ అత్తయ్య పలకరించడం లేదేమిటా అని నేనూ అనుకుంటున్నాను.”

ఖాళీగా ఎలా ఇస్తాను, ఉండమని లోపలికి వెళ్ళారు. నేను వసారాలో నిలబడ్డాను. ఆ పిల్ల ఇంకా మూడోదాని దగ్గరే ఉంది.

మైల పెట్టింది ఇక్కడ. తీరింది వేరే చోట. అక్కడ పని సవ్యంగానే ముగిసింది, కాని తీరిందన్న మాట ఈ వీధిలో ఎవరూ అనలేదు. అందుకని రెండిళ్ళూ ఆరోగ్యంగా, ప్రేమగా, పలక్కుండా కూర్చున్నాయి. నా ఆజ్ఞలో ఫాల్స్ మొదట్లో ఉంది, ట్రూ చివర్లో ఉంది. మధ్యలో ఎక్కడైనా పని చెడి, ఆజ్ఞ అటు నుంచి అటే వెళ్ళిపోతే? చివరి మాట ఎవరూ అనరు. మైల అలాగే ఉండిపోతుంది. షీటు మూసినా పోదు, ఎందుకంటే మైల ఆ ఒక్క షీటుది కాదు, షీట్లన్నిటినీ తెరిచే ప్రోగ్రాముది, అంటే ఇంటిది. మొత్తం ఆపేసి మర్నాడు పెడితేనే పోతుంది. రోజూ ఉదయం బాగుండటం అందుకే.

మరి మధ్యాహ్నమే ఎందుకు చెడుతోంది? గిన్నె అత్తకు ఇచ్చి కొట్టుకు వెళ్ళి బావను అడిగాను. నిన్న ఆగిపోయే ముందు ఏం కొట్టావు? వాడు గుర్తు చేసుకుని కొట్టి చూపించాడు. పన్నెండు అంకెల్లో, దాని పక్కన తెలుగులో న్నర. 12న్నర.

పొద్దున్న వచ్చేవి పెద్ద రైతుల ట్రాక్టర్లు, బస్తాలు నిండుగా, సరిగ్గా ఉంటాయి. మధ్యాహ్నం వచ్చేవి చిన్న రైతుల బళ్ళు. వాళ్ళ ధాన్యం ఎప్పుడూ సరి బస్తాలతో ఆగదు, చివర ఒక సగం బస్తా ఉండనే ఉంటుంది. మావయ్య చీటీ మీద అలాగే రాసేవాడు, మా తాతగారూ అలాగే రాసేవారు. బావా అలాగే కొట్టాడు. 12న్నరను ఎనభైతో హెచ్చించమంటే కంప్యూటరుకు చేతకాలేదు.

“అప్పుడు తెర మీద ఏటీ రాలేదేటి?”

“ఏదో గడి వచ్చినాది, ఇంగ్లీసులో. కింద ఎండ్ అని ఉన్నాది. అయిపోయిందా అని అడుగుతంది కామోసు అనుకున్నాను. అయిపోయిందని నొక్కీసినాను.”

“నాకు సెప్పొచ్చు కదరా.”

“నువ్వు తొంగున్నావు.”

ఇదీ నిజమే.

మందు పెద్దదేమీ కాదు. ఆజ్ఞ మొదట్లోనే ఒక మాట చేర్చాను. దారిలో ఏ తప్పు ఎదురైనా ఉన్నచోట ఆగిపోకు, తిన్నగా చివరికి వెళ్ళు. ఆ చివర్లో ట్రూ ఉంది. పని బాగా జరిగినవాడూ ఆ గుమ్మం గుండానే బయటికి పోవాలి, చెడినవాడూ అక్కడి నుంచే పోవాలి. పోతూ పోతూ, చెడితే ఎందుకు చెడిందో తెలుగులో చెప్పాలి: ‘ఇది అంకె కాదు. 12.5 అని కొట్టండి.’ తరువాత బావ చేత కావాలని తప్పులు కొట్టించాను. వాడు వాళ్ళ మేనత్త పేరు కొట్టాడు. అంకె కాదంది. ఆ వెంటనే సరైన బస్తాలు కొడితే కిలోలు ఇచ్చింది.

మధ్యాహ్నం మావయ్య భోజనం చేసి వచ్చి, రేపటి బస్సు సంగతి మాట్లాడబోయాడు. జబ్బంతా న్నర దగ్గరేనని చెప్పి, ఒక్కసారి చూడమన్నాం. అప్పుడే రెండెడ్ల బండి ఒకటి వచ్చి ఆగింది, పైన సగం బస్తా కనిపిస్తూనే ఉంది. మావయ్య బావను కుర్చీలోంచి లేపి తనే కూర్చున్నాడు. ఒక్క వేలితో, వెతుక్కుంటూ, కావాలనే 12న్నర కొట్టాడు. న్నర ఎక్కడుందో బావ చూపించాల్సి వచ్చింది. తెర మీద తెలుగు వచ్చింది. చదివాడు.

“న్నర తెలీదేటి దీనికి? ఎంతవరకు సదివినాది?”

నేను డిగ్రీ అన్నాను. ఆయన ఆ మాట వినిపించుకోలేదు. అంకెల్లో సగం ఎలా కొట్టాలో అడిగి కొట్టాడు. కిలోలు వచ్చాయి. పైన లాభం. మళ్ళీ న్నర కొట్టాడు, మళ్ళీ అంకె కొట్టాడు. మళ్ళీ అదే. మధ్యాహ్నం ఎండ అరుగు దిగేదాకా ఆయన ఆ యంత్రాన్ని తప్పు దారి పట్టించడానికి చూశాడు. బండివాడు బీడీ పూర్తి చేసి ఇంకోటి ముట్టించాడు. చివరికి మావయ్య చీటీ అచ్చు తీయించి, బండివాడికి ఇచ్చి, కుర్చీలోంచి లేచాడు.

“తెలీదని సెప్పి, మళ్ళీ పన్లోకి వచ్చీసినాది. అది సాలు,” అన్నాడు. తరువాత బావతో, “కూకో. బళ్ళు ఆగిపోనాయి,” అన్నాడు.

బావ కూర్చున్నాడు. కళ్ళనీళ్ళు లాంటివి ఏమీ జరగలేదు. వాడు బస్తాలు కొట్టాడు.

అయితే పాతపట్నానికి మనిషి వస్తాడని చెప్పేశారు. పిన్ని మంచం కూడా వేయించిందట. పచ్చడి మూతగిన్నెలో పెట్టి, గుడ్డ కట్టి, గుమ్మం పక్కన ఉంచారు. రాత్రి భోజనాల దగ్గర అందరూ ఆ గిన్నె వైపు చూశారు, తరువాత ఒక్కొక్కరే నా వైపు తిరిగారు.

“ఒరే అల్లుడూ,” అన్నాడు మావయ్య, “నీ పరీచ్చలెప్పుడు?”

ఇంకా తేదీలు ఇవ్వలేదన్నాను.

“మరింకేటి.”

బావ నా బట్టలు సర్దాడు. బనియన్లు మడతపెట్టాడు. బాకీ ఉంచుకునే మనిషి కాదు. బీరువాలో పెట్టేసిన మంచి చొక్కాలు రెండూ తీసి నా సంచిలో వేశాడు. అక్కడ ఎవరు చూస్తారురా అంటే, నువ్వు తొంగుంటే ఎవరైనా సూస్తారులే అన్నాడు.

ఆదివారం బస్సులో గిన్నెను ఒళ్ళో పెట్టుకుని పాతపట్నం చేరాను. బాబాయి గల్లా దగ్గర ఒడియాలో ఎవరితోనో ఏదో చెప్పి, ఇద్దరూ నవ్వి, నన్ను కూడా నవ్వమన్నట్టు చూశాడు. నవ్వాను. పిన్ని గిన్నె అందుకుని, పచ్చడి జాడీలోకి తీసి, గిన్నె కడిగి, తుడిచి, వంటింటి గట్టు మీద పెట్టింది. ఆ వెంటనే అరలో డబ్బాల మూతలు తీసి చూడటం మొదలుపెట్టింది. ఏం వెతుకుతున్నావని అడిగాను.

“మీ అత్తకి కాళీ గిన్నె పంపుతామేటిరా?”

గిన్నె ఆ వారంలోనే ఆమదాలవలస వెళ్ళే ఎవరి చేతో, నిండా బెల్లం జీడిపప్పుతో వెళ్ళిపోయింది. నేను పరీక్షల తేదీలు ఇచ్చేదాకా, అంటే మామిడికాయల దాకా ఉన్నాను. బాబాయి కొట్టులో కంప్యూటరు లేదు. కొనమని నేను సలహా ఇవ్వలేదు.